మూత మీద తెల్ల అంకెలు

కామ్‌చోయ్ ఎవరని మా లైనులో అడగండి. కాఫీ కొట్టులో కప్పులు కడిగే ఆవిడ దగ్గర్నుంచి టైర్ల కొట్టు యజమాని దాకా అందరూ ఒకటే మాట చెబుతారు. "లైఫన్ కాలు పోగొట్టాడే, వాడు." అంతే. యాభై మూడేళ్ల బతుకు ఆ ఒక్క ముక్కలో తేలిపోయింది. ఆ ముక్క అబద్ధం. అబద్ధమని తెలిసినవాళ్లు ముగ్గురే. ఒకడు కామ్‌చోయ్, ఇంకొకడు అతని గురువు హ్యూ సీఫూ, మూడోవాణ్ణి నేను.

నా పేరు సన్యాసినాయుడు. మలేషియాలో ఇపో ఊళ్లో మెకానిక్కుల లైను మొదట్లో స్పేరుపార్టుల కొట్టు నాది. మా తాత రబ్బరు తోటలో కూలికి వచ్చాడు, నాన్న ఆ చెట్లకే గాట్లు పెట్టి పాలు పట్టాడు, నేను రబ్బరు బెల్టులు అమ్ముకుంటున్నాను. మూడు తరాలుగా మాకు రబ్బరు తప్ప వేరే దిక్కు లేదు. ముప్పై ఏళ్లకి పైగా ఈ చీనావాళ్ల మధ్యే ఉన్నాను కాబట్టి తిట్టినా వాళ్ల భాషలోనే తిడతాను, తిట్లు తిన్నా వాళ్ల భాషలోనే తింటాను.

కామ్‌చోయ్ గోపెంగ్‌లో తగరపు గని కూలి కొడుకు. గని మూతపడ్డ ఏడాది, పంతొమ్మిదేళ్లవాడు, ఒక జత బట్టలతో వచ్చి హ్యూ సీఫూ దగ్గర పనికి చేరాడు. సీఫూ అంటే పని నేర్పే గురువు. హ్యూ సీఫూ నేర్పినది పని కాదు, నరకం. ఇంజనులోంచి తీసిన పాత బెల్టు చేతికిచ్చి కళ్లు మూసుకోమనేవాడు. వేళ్లతో తడిమి ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగిందో చెప్పాలి. తప్పు చెబితే అదే బెల్టుతో వీపు మీద. అయిదు వేలు తేడా వస్తే ఒక దెబ్బ, పది వేలు తేడా వస్తే రెండు. మూడేళ్లకి కామ్‌చోయ్ తప్పు చెప్పడం మానేశాడు. అప్పుడు సీఫూ, "వీపు మందమైందిరా, బుర్ర ఇంకా పల్చగానే ఉంది" అన్నాడట. మా లైనంతా ఆ మాట చెప్పుకుని నెల రోజులు నవ్వింది. నేనూ నవ్వాను.

అతని పెళ్లి విందుకి సీఫూ పెద్దమనిషిగా వచ్చాడు. అత్తవారి మనుషులందరి ముందూ కామ్‌చోయ్ చెయ్యి పట్టుకుని పైకెత్తి, గోళ్లలో నల్లగా ఇంకిపోయిన గ్రీజు చూపించి, ఈ చేత్తో మీ పిల్లని ముట్టుకుంటాడట, ముందు కిరసనాయిలుతో కడిగించండి అన్నాడు. పెళ్లికూతురు తల దించుకుంది. కామ్‌చోయ్ మాత్రం గురువుగారు ఏదో దీవించినట్టు ఇకిలించాడు. ఆ ఇకిలింపు చూస్తే నాకు ఒళ్లు మండేది. తన్నిన కాలికే నూనె రాసే జాతి.

ఇరవై రెండేళ్లు చాకిరీ చేశాక సొంత షెడ్డు పెట్టుకుంటానని అడిగాడు. ఆరు నెలల్లో తోక ముడుచుకుని వస్తావు, పో అన్నాడు సీఫూ. రాలేదు. పని బాగా నడిచింది. అయినా పొద్దున్నే కాఫీ పట్టుకుని ఎదురు వరసలోని సీఫూ కొట్టుకి వెళ్లడం మానలేదు. కొన్నేళ్లకి చక్కెర జబ్బు ముదిరి సీఫూ రెండు కళ్లూ పోయి కొట్టు మూసేస్తే, ఆయన్ని తెచ్చి తన షెడ్డు ముందు పేము కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ముసలాడు ఆ కుర్చీలోంచి వచ్చేపోయేవాళ్లకి శిష్యుడి తప్పులు చదివి వినిపించేవాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. కోరి తెచ్చిపెట్టుకున్న తద్దినం.

ఇక్కడ మా లైను ఆచారం ఒకటి చెప్పాలి. చేతులు మారిన కారుకి కాగితాలు ఉండవు, ఉన్నా నమ్మం. మీటరు వెనక్కి తిప్పడం మా ఊళ్లో పళ్లు తోముకున్నంత తేలిక. అందుకని టైమింగ్ బెల్టు మార్చిన మెకానిక్కు, దాని మీది నల్ల ప్లాస్టిక్ మూత మీద తెల్ల పెయింటుతో నెల, సంవత్సరం, అప్పటి కిలోమీటర్లు రాసి, కింద తన గుర్తు వేస్తాడు. ఆ బెల్టు ఇంజనుకి ఊపిరి. బిగించాక ఎనభై వేల కిలోమీటర్ల వరకూ అది మార్చినవాడి పూచీ. అప్పటిదాకా ఇంకో మెకానిక్కు ఆ మూత విప్పడు. విప్పితే, నీ మాట మీద నాకు నమ్మకం లేదని నలుగురిలో ఉమ్మేసినట్టే. నాలుగు బోల్టులు, పది నిమిషాల పని. ఆ పది నిమిషాల కోసం ఈ లైనులో రెండు కుటుంబాలు పదేళ్లు మాట్లాడుకోలేదు.

హ్యూ సీఫూ గుర్తు సున్నాలో అడ్డగీత. ఇపోలో ఆ సున్నా ఉన్న కారుకి బేరం ఆడేవాడు లేడు.

ఇక నా సంగతి. సీఫూ కొట్టు మూసేముందు ఆఖరి రెండేళ్లు నా దగ్గర ఒక్క టైమింగ్ బెల్టు కొనలేదు. కార్లు మాత్రం వస్తున్నాయి, కొత్త తెల్ల అంకెలతో పోతున్నాయి. వేరే కొట్టులో కొంటున్నాడేమో అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉండేది. ఒకరోజు ఆయన అడిగిన ఆయిల్ ఫిల్టర్లు పట్టుకుని వెళ్లాను. కారు బానెట్ ఎత్తి ఉంది. మూత విప్పి ఉంది. లోపల పగిలి నెరిసిన పాత బెల్టు అలాగే ఉంది. సీఫూ స్టూలు మీద కూర్చుని మూత శుభ్రంగా కడిగి, ముక్కుకి ఆనించుకుని, అంకెలు వేస్తున్నాడు. పళ్ల చక్రం మీది గుర్తులు కనబడకపోతే బెల్టు ఎవడూ ఎక్కించలేడు. ఒక పన్ను తప్పినా ఇంజను నుజ్జవుతుంది. కళ్లు పోతున్నాయని ఒప్పుకోలేక రాత ఒక్కటే రాస్తున్నాడు. నేను ఫిల్టర్లు చప్పుడు కాకుండా కింద పెట్టి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? సీఫూ మీద నోరెత్తిన స్పేరుపార్టులవాడి దగ్గర ఈ లైనులో ఎవడు కొంటాడు?

అలా నడుస్తుండగా సీఫూ కూతురు లైఫన్ పాత కారు కొంది. నలభై అయిదేళ్ల మనిషి, బళ్లో గుమస్తా, పెళ్లి చేసుకోలేదు. తండ్రి తిట్లు తింటూనే ఆయనకి స్నానం చేయించి అన్నం పెట్టే మనిషి. గుడ్డి తండ్రిని ఆసుపత్రికి ఎన్నాళ్లని బస్సులో తిప్పుతుంది? ఎవరి చేతులు మారి వచ్చిందో తెలియని తెల్ల కారు, కాగితం ముక్క లేదు. తిన్నగా కామ్‌చోయ్ షెడ్డుకి తెచ్చి, చోయ్ అన్నయ్యా, బెల్టులన్నీ చూసి మార్చు అంది.

కామ్‌చోయ్ బానెట్ ఎత్తాడు. మూత మీద తెల్ల అంకెలు, కింద అడ్డగీత సున్నా. అయిదేళ్ల కిందటి తేదీ. మీటరు చూస్తే ఆ లెక్కకి బెల్టు తిరిగింది ఇరవై రెండు వేలే. లైఫన్ తేదీ పైకి చదివి సంబరపడిపోయింది, నాన్న బాగుచేసిన కారే నాన్న దగ్గరికి వచ్చిందని. నేను ఫ్యాను బెల్టు, ఏసీ బెల్టు ఇవ్వడానికి అక్కడే ఉన్నాను. తేదీ చూశాను. ఆ ఆఖరి రెండేళ్లలోది.

"ఎందుకైనా మంచిది, మూత తీసి ఒకసారి చూడు కామ్‌చోయ్" అన్నాను మెల్లగా. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

అతను పానా తీసుకుని మొదటి బోల్టు మీద పెట్టాడు. ఆ చిన్న చప్పుడుకే కుర్చీలో ముసలాడి మెడ ఇటు తిరిగింది. కళ్లు పోయినవాడికి చెవులు పాములవి.

"ఏం విప్పుతున్నావురా?"

"మూత, సీఫూ. ఊరికే చూద్దామని."

"ఎవడి రాత ఉంది దాని మీద?"

కామ్‌చోయ్ మూత మీది మసి బొటనవేలితో తుడిచాడు. "మీదే" అన్నాడు.

"అయితే విప్పు. విప్పరా! ఏమయ్యా, కాఫీలు తరవాత తాగుదురుగాని, అందరూ ఇటు రండి. కామ్‌చోయ్ దొర నా పనికి పరీక్ష పెడుతున్నాడు. విప్పి చూపించరా వీళ్లకి."

కాఫీ కొట్టులోంచి పదిమంది లేచి వచ్చారు, చేతిలో రొట్టె ముక్కలతో సహా. ఒకడు, గురువుకి పంగనామాలు పెట్టే రోజులు వచ్చాయన్నాడు. ఇంకొకడు, పెళ్లాం దగ్గర కూడా ఇలాగే పరీక్షలు పెడతావా అన్నాడు. నవ్వులు. లైఫన్ ముఖం ఎర్రబడి, వద్దులే అన్నయ్యా, నాన్న చేసిందేగా అంది. కామ్‌చోయ్ మెడ దాకా ఎర్రబడి పానా కింద పెట్టేశాడు. బయటి బెల్టులు రెండూ మార్చి కారు ఇచ్చేశాడు.

నన్ను అడగండి, ముసలాడికి ఆ క్షణాన తెలియదా అని. తెలుసు. ఆ రెండేళ్లలో ఏ మూత కింద ఏముందో ఆయనకి తెలుసు. ఆ కారులో కన్నకూతురు తిరుగుతుందని తెలుసు, పక్క సీటులో తనే కూర్చుంటాడని తెలుసు. అయినా పరువు పోవడం కన్నా ప్రాణం పోవడమే నయమనుకున్నాడు. తన ప్రాణం అయితే తన ఇష్టం. ఆ పిల్లది ఏం పాపం చేసింది?

ఏడు వారాలు గడిచాయి. చెంగ్‌బెంగ్ వచ్చింది, పెద్దల సమాధులు శుభ్రం చేసే పండగ. లైఫన్ తల్లి సమాధి తైపింగ్‌లో. తెల్లవారుజామునే అగరొత్తులు, నారింజలు, ఉడికించిన కోడి కారులో పెట్టుకుని, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరింది. దారిలో సొరంగానికి ముందు కొండ ఎక్కేచోట బెల్టు తెగింది. వానలో, మలుపులో ఇంజను టక్కున ఆగిపోయింది. స్టీరింగు రాయి అయింది. వెనకనుంచి కంకర లారీ వచ్చి గుద్ది, కారుని అంచు గోడకేసి నొక్కేసింది. సీఫూకి గీత పడలేదు. లైఫన్ కుడికాలు నుజ్జయింది. మోకాలి కిందనుంచి తీసేశారు.

ఆసుపత్రి వరండాలోనే ముసలాడు తీర్పు చెప్పేశాడు. "విప్పి చూడమని నేనే చెప్పాను. పదిమంది విన్నారు. వాడికి బద్ధకం." నిజమే, పదిమంది విన్నారు. విప్పు విప్పు అని ఆయన అనడం అందరికీ గుర్తుంది. ఎలా అన్నాడో, అప్పుడు తాము ఎలా నవ్వారో ఒక్కడికీ గుర్తులేదు. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది, పది నాలుకలైతే చెప్పనే అక్కర్లేదు. వారం తిరక్కుండా కామ్‌చోయ్ షెడ్డు ముందు ఈగలు తప్ప ఎవరూ లేరు. అతను రోజూ ఆసుపత్రికి వెళ్లి గది బయటే నిలబడేవాడట. లైఫన్ రానివ్వలేదు.

నుజ్జయిన కారుని తన షెడ్డుకి తెప్పించుకుని ఆ నాలుగు బోల్టులూ విప్పాడు కామ్‌చోయ్. మధ్యాహ్నం నన్ను పిలిచాడు. తెగిన బెల్టు బల్ల మీద ఉంది. పళ్లు ఊడి, వీపు బీటలు వారి, ముసలి ఏనుగు తోలులా ఉంది. వీపు మీద ఒకచోట ముద్ర చెరిగిపోకుండా మిగిలింది. చిలక బొమ్మ.

"నాయుడన్నా, చిలక ముద్ర బెల్టులు ఈ లైనులో నువ్వొక్కడివే అమ్మావు. ఎప్పుడు ఆపేశావు?"

తొమ్మిదేళ్లయిందన్నాను. చేసేవాళ్లే మూసేసుకున్నారు, తరవాత ఒక్కటి కూడా రాలేదు. మూత మీది రాత అయిదేళ్ల కిందటిది. అతను ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. సీఫూని ఒక్క మాట అనలేదు. "కళ్లు కనబడక" అని మాత్రం అన్నాడు, తనలో తను. తరవాత అడిగాడు, లైఫన్ ఇంటికి వచ్చాక ఆమె ముందు ఈ మాట చెబుతావా అని. పరువు కోసం కాదట. కావాలని బద్ధకించి చెల్లెలి కాలు తీశానని ఆమె అనుకుంటుంటే అన్నం దిగడం లేదట. చెబుతానన్నాను. ఎందుకు చెప్పనురా, ఇది నా కొట్టు సరుకు అని కూడా అన్నాను. భుజం తట్టాను.

మూడు నెలలకి లైఫన్ వచ్చింది, చంకల్లో కర్రలతో, తండ్రి ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని వెనక. కామ్‌చోయ్ కబురు పెట్టి పిలిపించాడు. చూడ్డానికి లైను మొత్తం వచ్చింది. వింత చూడాలంటే మావాళ్లకి కాళ్లు వాటంతట అవే నడుస్తాయి. కామ్‌చోయ్ తెగిన బెల్టుని తీసి ముసలాడి చేతిలో పెట్టాడు.

ఆయన వేళ్లు ఒకసారి పళ్ల మీద నడిచాయి, ఒకసారి బీటల మీద. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఆ వేళ్లకి అబద్ధం రాదు. లక్ష దాటిన బెల్టని ఆయనకి మూడో బీట దగ్గరే తెలిసిపోయింది. అక్కడ వేలు ఆగింది. తరవాత బెల్టు కూతురి వైపు చాచి, తలెత్తి, నేను నిలబడ్డ దిక్కుకి తిన్నగా ముఖం తిప్పాడు. నేను అప్పటికి దగ్గనైనా దగ్గలేదు.

"నాయుణ్ణి అడగండి. నా కొట్టుకి ఫిల్టర్లు మోసుకొచ్చి, పిల్లిలా చప్పుడు చెయ్యకుండా పెట్టి పోయేవాడు. నా పని ఎలా ఉండేదో నాయుడు కళ్లారా చూశాడు. చెప్పవయ్యా."

 ఆ రోజు విన్నాడు. ఇన్నేళ్లూ దాచుకున్నాడు. నేను ఆ చిలక గుట్టు విప్పితే ఆయన ఫిల్టర్ల గుట్టు విప్పుతాడు. నాయుడికి ముందే తెలుసట, తెలిసీ ఆ పిల్లని ఆ కారులో ఎక్కనిచ్చాడట అని లైను మొత్తానికి తెలుస్తుంది. అది అబద్ధమూ కాదు.

లైఫన్ బెల్టు తిప్పి చిలక ముద్ర మీద వేలు పెట్టింది. ఆమె కళ్లు నాన్నని కాదు, నన్నే అడుగుతున్నాయి. "నాయుడంకుల్, మీరు చెబితే నమ్ముతాను. అయిదేళ్ల కిందట నాన్న వేసిన బెల్టు ఇదేనా?"

కామ్‌చోయ్ నా వైపు చూసి చిన్నగా తల ఊపాడు. ధైర్యం చెబుతున్నట్టు. నాకు!

"ఇదే" అన్నాను. "సీఫూకి నేనే ఇచ్చాను. మంచి సరుకే. ఇంజను నూనె కారి చెడినట్టుంది. ముందే విప్పి చూసుంటే తెలిసేది."

ఎవరో నాలుక చప్పరించారు. ముసలాడు గడ్డం గోక్కున్నాడు. కామ్‌చోయ్ నన్ను తిడతాడని, మీదపడతాడని చూశాను. తొమ్మిదేళ్లన్నావు కదరా అంటాడని చూశాను. అతను నన్ను ఒక్క క్షణం చూశాడు, అంతే. తరవాత లైఫన్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అవునమ్మా. నేనే విప్పలేదు" అన్నాడు.

ఆమె కర్ర ఎత్తి అతని భుజం మీద కొట్టింది. బలం చాలక తనే తూలింది. అతనే లేచి పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. ముసలాడు, పద అమ్మా, ఇలాంటివాళ్ల గుమ్మం తొక్కకూడదు అన్నాడు. ఆ పేము కుర్చీని ఎవడో మోసుకెళ్లి టైర్ల కొట్టు ముందు వేశాడు. మర్నాటినుంచి సీఫూ దర్బారు అక్కడ.

కామ్‌చోయ్ షెడ్డు ఇంకో రెండు నెలలు తెరిచి ఉంది, పని లేకుండా. భార్య పుట్టింటికి పోయింది. చివరికి సితియవాన్‌లో కోళ్ల ఫారంలో నీటి పంపులు చూసే పని దొరికిందని తెలిసింది. వెళ్లేముందు నా కొట్టుకి వచ్చాడు. నేను కౌంటరు వెనక నిలబడి, కొట్టనీ, కొడితే సరిపోతుంది అనుకున్నాను. నిజంగానే అలా కోరుకున్నాను.

అతను కొట్టలేదు. "నా సంగతి వదిలెయ్ నాయుడన్నా. సీఫూ ఆ ఆఖరి రెండేళ్లూ రాసిన కార్లు ఇంకా తిరుగుతున్నాయి. కొన్నవాళ్లు ఏదో ఒక సామానుకి నీ దగ్గరికే వస్తారు. నేను చెబితే నా ముఖాన ఉమ్ముతారు. నువ్వు చెబితే వింటారు. మూత విప్పించమని చెప్పు, చాలు. ఎందుకో చెప్పక్కర్లేదు."

అలాగే అన్నాను. ఈసారి భుజం తట్టలేదు.

అతను ఊరు వదిలి ఏడాదిన్నర. సీఫూ మొన్నటి చీనావాళ్ల చలికాలపు పండగకి చచ్చిపోయాడు. లైను లైనంతా షట్టర్లు దించి శవం వెనక నడిచింది, నేనూ నడిచాను. ముందు లైఫన్ చెక్కకాలుతో తండ్రి ఫోటో పట్టుకుని నడిచింది. ఇక నన్ను బెదిరించడానికి ఎవరూ మిగల్లేదు. ఒక్క మాట చెప్పడానికి నాకు అడ్డు ఎవరూ లేరు.

పోయిన వారం మధ్యాహ్నం ఒకాయన వైపర్ పుల్లలకి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. కొత్తగా కొన్న పాత కారు, చాలా చేతులు మారిందట. వద్దన్నా బానెట్ ఎత్తి చూపించాడు. అడ్డగీత సున్నా, ఆ రెండేళ్లలోని తేదీ. హ్యూ సీఫూ రాత అంకుల్, ఇది చూసే కొన్నాను, బెల్టు బెంగ లేదు కదా అన్నాడు. వెనక సీటులో ఇద్దరు పిల్లలు ఒకే ఐసు పుల్ల కోసం కొట్టుకుంటున్నారు.

నోటి దాకా వచ్చింది. చెబితే, మీకెలా తెలుసు అంటాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర ఒకటే జవాబు ఉంది, అది ఎదురు వరసలో ఉంటున్న లైఫన్ చెవిన పడడానికి సాయంత్రం దాకా అక్కర్లేదు.

"సీఫూ పనికి తిరుగు లేదు బాబూ" అన్నాను. వైపర్లు చేతికిచ్చి, వాన వచ్చేలోగా బిగించుకోమని చెప్పి లోపలికి వచ్చాను.